వృద్ధులకు దెబ్బ తగిలినప్పుడు చేయదగిన చికిత్స



మిరప కోతలు మొదలైనది మొదలు కల్లములు ఎత్తువఱకును మన నల్లపాటి ప్రాంతమున ఇంటిపట్టున ఊరక కూర్చుండు వృద్ధులు అరుదు. తాలుకాయ ఏరుట, పరదాలు కప్పుట, రాత్రులు కల్లముకడ కావలి పండుకొనుట మొదలగు పనులన్నియు వారివే. ఆ పనులలోనే వారు పరదా త్రాడు కాలికి తగిలి పడుదురు; గేదె త్రోయగా గోడకు కొట్టుకొందురు; ట్రాక్టరు తొట్టి దిగుచు జారుదురు; నరసరావుపేట రోడ్డు దాటుచు మోటారు సైకిలు తగిలి పడుదురు. పనివేళ కాకున్నను, రాత్రి దొడ్డికి లేచి చీకటిలో గడప తట్టుకొని పడినవారు ప్రతి వీథిలోను కలరు. పైరునకు వచ్చు తెగుళ్లను గూర్చి ఈ పత్రికలో మేము పలుమార్లు వ్రాసియున్నాము. ఈ నెల ఆ పైరును పెంచుట మనకు నేర్పిన పెద్దలను గూర్చి వ్రాయదలచితిమి.

మేము వైద్యులము కాము. వైద్యులవలన వినియు, చదివియు, మా తప్పువలన నేర్చుకొనియు తెలిసికొన్న సంగతులనే ఇచ్చట మనవి చేయుచున్నాము. ఆ తప్పు ఏదియో ముందు చెప్పుట న్యాయము.

రెండేండ్ల క్రిందట ఒక ప్రత్తిచేనిలో లింగాకర్షక బుట్టలు కట్టు విధమును రైతులకు చూపుచుంటిమి. డెబ్బది నాలుగేండ్ల పెద్ద ఒకరు గట్టుమీద కాలు జారి వెల్లకిల పడిరి. తల వెనుక ఱాయి తగిలెను. నెత్తురు రాలేదు, నిమ్మకాయంత బొప్పి కట్టెను. ఆయన లేచి పంచె దులుపుకొని, "ఏమియు కాలేదు, మీ పని కానిండు" అనిరి. మేమును మంచినీళ్లిచ్చి మా పని సాగించితిమి. ఆయన గుండెజబ్బునకై నెత్తురు పలుచన చేయు మాత్రను దినమునకొకటి వేసికొనుచుండిరి. ఆ మాట మేము అడుగలేదు. అడుగవలయునని మాకు తెలియదు.

మూడు వారములు గడచినవి. ఆయన పగలంతయు నిద్రపోవసాగిరి. మనుమని పేరు తప్పుగా పిలిచిరి. ఇంటివారు "వయసు మీరినది, చాదస్తము వచ్చినది" అనుకొనిరి. కోడలు మాత్రము ఆయన కుడికాలి చెప్పు మాటిమాటికి జారిపోవుట గమనించి, ఇది చాదస్తము కాదని పట్టుబట్టి గుంటూరునకు తీసికొనిపోయెను. స్కాను తీయగా పుఱ్ఱెకును మెదడునకును నడుమ పాత నెత్తురు గడ్డకట్టి నిలిచియుండెను. పుఱ్ఱెకు చిన్న రంధ్రము చేసి దానిని తీసివేసిరి. ఆయన బ్రతికి మరల చేనికి వచ్చుచున్నారు. కోడలి కన్ను అంత చురుకైనది కాకున్నచో ఏమై యుండునో తలచుటకే మాకు భయము.

గులాబీరంగు పురుగు పట్టిన ప్రత్తికాయను మీరందఱు ఎఱుగుదురు. పైకి కాయ నిండుగా, పచ్చగా ఉండును. పురుగు లోనికి పోయిన త్రోవ పూడిపోవును. కాయ చీల్చి చూచిననే గాని లోపలి దూది పాడైన సంగతి తెలియదు. వృద్ధులకు తగిలిన దెబ్బయు అట్టిదే. పైకి కనబడు గాయమును బట్టి లోపలి అపాయమును కొలువరాదు. ఈ వ్యాసమంతటికి ఇదియే సారము.

వృద్ధుల శరీరము వేఱగుటకు కారణములు

మొదటిది ఎముక. వయసు మీరినకొలది ఎముకలోని సత్తువ తగ్గి చెదలు తిన్న కఱ్ఱవలె గుల్లయగును. స్త్రీలకు ముట్లుడిగిన పిమ్మట ఇది త్వరగా జరుగును. పడుచువాడు చెట్టుపైనుండి పడినగాని విఱుగని ఎముక, వృద్ధురాలు నిలుచున్నచోట కూలబడినంతనే విఱుగవచ్చును.

రెండవది మెదడు. వృద్ధాప్యమున మెదడు కొంచెము కుంచించుకొని పుఱ్ఱెలో చోటు మిగులును. మెదడునుండి పైపొరకు పోవు చిన్న సిరలు బిగిసియుండుటచే కొద్ది అదటునకే తెగును. నెత్తురు బొట్టుబొట్టుగా కారుచుండును. చోటు ఉన్నందున బాధ వెంటనే తెలియదు. దినములకో వారములకో బయటపడును.

మూడవది గుండె. నెత్తురు పోయినప్పుడు పడుచువాని గుండె వేగముగా కొట్టుకొని నష్టమును పూరించును. నాడి పట్టుకొన్న వానికి అపాయము తెలియును. వృద్ధుల గుండెకు ఆ శక్తి తక్కువ. రక్తపోటునకు వాడు కొన్ని మాత్రలు నాడిని వేగపడనీయవు. కావున లోపల నెత్తురు పోవుచున్నను నాడి నెమ్మదిగానే ఉండవచ్చును. ఎప్పుడును 150 లేక 160 రక్తపోటు ఉండు మనిషికి 110 అనగా మంచి లెక్క కాదు, కీడునకు గుర్తు. 2021లో అమెరికా శస్త్రవైద్యులు సవరించిన నియమములలో, 65 ఏండ్లు దాటి గాయపడినవారికి పై రక్తపోటు 110కి తగ్గినచో పెద్ద అపాయముగా ఎంచవలయునని యున్నది. పడుచువారికి ఈ హద్దు 90.

నాలుగవది చర్మము. అది ఉల్లిపొరవలె పలుచనై యుండుటచే కొద్ది రాపిడికే చిరుగును. ఐదవది నొప్పి. వృద్ధులకు కొన్ని నొప్పులు మందముగా తెలియును. తెలిసినను కొడుకులకు ఖర్చు పెట్టింపరాదని దాచుకొందురు. "ఏమియు కాలేదు" అను వారి మాటను గౌరవింపవలయును గాని నమ్మి ఊరకుండరాదు.

పడినచోట చేయవలసినవి

పడిన మనిషిని చంకలు పట్టి వెంటనే లేపి నిలుపుట మన అలవాటు. ఇది తగదు. ముందు పండుకొన్నట్లే ఉంచి పలుకరింపుడు. పేరు, ఊరు, దినము అడుగుడు. మెడనొప్పి కలదా, చేతులు కాళ్లు ఆడుచున్నవా, తిమ్మిరి కలదా అడుగుడు. మెడనొప్పి కాని తిమ్మిరి కాని యున్నచో తలను కదలింపక, ఇరుప్రక్కల బట్టల మూటలు ఆనించి బండి వచ్చువఱకు అట్లే ఉంచుడు.

నెత్తురు కారుచున్నచో ఉతికిన బట్టను మడిచి గాయముపై పెట్టి అఱచేతితో గట్టిగా అదిమి పట్టుడు. ఆగినదా యని మాటిమాటికి ఎత్తి చూడకుడు. బట్ట తడిసినచో దానిపైననే మఱియొకటి పెట్టుడు. పసుపు, సున్నము, కాఫీపొడి, పొగాకు, మన్ను గాయములో కూరకుడు. నెత్తురు ఆగిన చిన్న గాయమును సబ్బుతోను ధారాళముగా మంచినీళ్లతోను కడుగుడు. చిరిగిన చర్మపు పొరను కత్తిరింపక మెల్లగా యథాస్థానమున పఱచి, అంటుకొనని మెత్తని బట్ట కట్టుడు. జిగురు పట్టీ వేసినచో తీయునప్పుడు మిగిలిన చర్మమును ఊడివచ్చును.

కాలు పొట్టియై పాదము బయటికి తిరిగియున్నచో తుంటి విఱిగినదని తలపవలయును. రెండు కాళ్ల నడుమ దిండు పెట్టి రెంటిని కలిపి వెడల్పు బట్టలతో వదులుగా కట్టి, మంచముమీద గాని తలుపు ఱెక్కమీద గాని మోయుడు. మోటారు సైకిలుపై ఇద్దఱి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోవుట మిక్కిలి కీడు. విఱిగిన ఎముక కొనలు లోపల కోయును. కొందఱు తుంటి ఎముక చిట్లినను నాలుగడుగులు నడువగలరు. నడచినంత మాత్రమున విఱుగలేదని అనరాదు. గజ్జలలో నొప్పి ఉన్నచో పటము తీయించుడు.

వృద్ధుల ఒడలు త్వరగా చల్లబడును. నెత్తురు చల్లబడినకొలది గడ్డకట్టు శక్తి తగ్గును. కావున తడిబట్ట విప్పి దుప్పటి కప్పుడు. పెద్ద దెబ్బయైనచో కాఫీ, సోడా, అన్నము పెట్టకుడు. శస్త్రచికిత్స చేయవలసివచ్చినప్పుడు కడుపు ఖాళీగా ఉండవలయును.

తరువాత 108కి ఫోను చేయుడు. 2005లో నాటి ఉమ్మడి రాష్ట్రమున మొదలైన ఈ సేవకు రుసుము లేదు. కాలమే ఇచ్చట మందు. 2010లో వెలువడిన క్రాష్-2 అను పరిశోధనలో 40 దేశముల ఆసుపత్రులలో 20 వేలకు పైబడిన క్షతగాత్రులను పరీక్షించిరి. మన దేశపు ఆసుపత్రులును అందు చేరియుండెను. ట్రానెగ్జామిక్ ఆమ్లము అను చౌక మందును దెబ్బ తగిలిన మూడు గంటలలోపల ఇచ్చినచో నెత్తురు పోయి చనిపోవువారి సంఖ్య తగ్గెను. మూడు గంటలు దాటిన పిమ్మట ఇచ్చినచో మేలు కలుగలేదు సరికదా, కీడు కనబడెను. ఇట్టి మందు ఎంత మంచిదైనను, రేపు పోదమని కూర్చుండు ఇంటికి పనికిరాదు.

ఆసుపత్రిలో మొదట చెప్పవలసిన మాట

వృద్ధుడు వాడు మాత్రలన్నింటిని సంచిలో వేసికొని తీసికొనిపోవలయును. నెత్తురు పలుచన చేయు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడుచున్నచో అడుగకమునుపే చెప్పుడు. అట్టివారికి తలకు దెబ్బ తగిలినచో మాటలాడుచున్నను, నడచుచున్నను స్కాను తీయించుట మేలు. ఆ మాత్రలను మీయంతట మీరు ఆపరాదు. ఎప్పుడు ఆపవలెనో, మరల ఎప్పుడు మొదలిడవలెనో వైద్యుడే చెప్పును. మధుమేహము, మూత్రపిండముల జబ్బు ఉన్నచో అవియు చెప్పుడు. అంగడిలో అడిగి కొనుక్కొను నొప్పి మాత్రలు అనేకములు వృద్ధుల మూత్రపిండములకును కడుపునకును చెఱుపు చేయును.

ధనుర్వాతపు సూది సంగతి మఱువరాదు. నేటి పిల్లలకు చిన్నతనమునే టీకాలు పడుచున్నవి గాని, మన పెద్దలలో పలువురకు సరిగా పడలేదు. మట్టి, పేడ తగిలిన గాయమునకు ఈ భయము మెండు. పూర్వము సూదులు వేసికొన్న జ్ఞాపకము లేదని వైద్యునితో స్పష్టముగా చెప్పినచో తగిన మందు ఇచ్చును.

తలకు దెబ్బ తగిలి ఇంటికి పంపబడిన వానిని రెండు నెలలవఱకు కనిపెట్టియుండుడు. తలనొప్పి హెచ్చుట, మితిమీరిన నిద్ర, మాట తడబడుట, నడక తూలుట, ఒక ప్రక్క కాలుసేతులలో బలము తగ్గుట, మనుష్యులను పోల్చుకొనలేకపోవుట – వీనిలో ఏ ఒక్కటి కనబడినను అది ముసలితనము అనుకొనకుడు. ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవుడు.

ప్రక్కటెముకలు

గేదె కుమ్మియు, మంచము కోడు తగిలియు ప్రక్కటెముకలు విఱుగుట మన ఊళ్లలో సాధారణము. పడుచువానికి ఇది నెల దినముల నొప్పి. వృద్ధునికి ప్రాణాపాయము. నొప్పికి వెఱచి గాఢముగా ఊపిరి పీల్చడు, దగ్గడు. కఫము ఊపిరితిత్తులలో నిలిచి న్యుమోనియా పుట్టును. అమెరికాలోని సియాటిల్ వైద్యులు 2000లో ప్రకటించిన లెక్కలో, 65 ఏండ్లు మీరినవారికి విఱిగిన ప్రక్కటెముక ఒక్కొక్కటి హెచ్చినకొలది మరణాపాయము నూటికి 19 వంతులును, న్యుమోనియా భయము 27 వంతులును పెరిగెను. కావున రొమ్ముచుట్టును బట్ట బిగించి కట్టరాదు. నొప్పి తగ్గించు మందు వైద్యునిచే ఇప్పించి, దిండు రొమ్మునకు ఆనించి దగ్గించుచు, గంటగంటకు గాఢముగా ఊపిరి పీల్పించుచు, పగటివేళ కూర్చుండబెట్టవలయును. ఇచ్చట నొప్పి మందు సుఖము కొఱకు మాత్రమే కాదు, ఊపిరి కొఱకు.

తుంటి విఱిగినప్పుడు

"ఈ వయసున ఆపరేషను ఏల? మంచమున పండుకొనబెట్టి కట్టు కట్టింతము" అను మాట మేము పలుయిండ్లలో విన్నాము. ఇది ప్రేమతో అన్న మాటయే గాని ఫలితము విపరీతము. నెలలతరబడి కదలక పండుకొన్న వృద్ధునికి వీపున పుండ్లు పడును, కాలిసిరలలో నెత్తురు గడ్డకట్టును, ఊపిరితిత్తులు చెడును, కండ కరగిపోవును. తుంటి విఱిగిన వృద్ధులలో నలుగురైదుగురకు ఒకరు ఏడాదిలోపల మరణించుచున్నట్లు పలు దేశముల లెక్కలు చెప్పుచున్నవి. వారిలో పలువురను చంపునది విఱిగిన ఎముక కాదు, మంచము.

ఇంగ్లండులోని హేస్టింగ్సు పట్టణమున డేవాసు అను ఎముకల వైద్యుడును, అర్విను అను వృద్ధుల వైద్యుడును కలిసి యాభై, అఱువది ఏండ్ల క్రిందటనే ఒక పద్ధతిని నిలిపిరి. త్వరగా శస్త్రచికిత్స చేయుట, వెంటనే లేపి నిలుపుట, ఇద్దఱు వైద్యులు ఒకే రోగిని కూడి చూచుట – ఇదియే ఆ పద్ధతి. నేడు లోకమంతటను పెద్ద ఆసుపత్రులు దీనినే అనుసరించుచున్నవి. ఒకటి రెండు దినములలో ఆపరేషను జరిగి, మఱునాడే రోగి ఆసరాతో నిలుచుట మేలని వైద్యుల మతము. 2020లో వెలువడిన పెద్ద పరిశోధనలో, కొన్ని గంటలలోనే ఆపరేషను చేసినచో మరణములు మఱింత తగ్గలేదు గాని, మతిభ్రమ తగ్గెను. రోగులు త్వరగా లేచి నడచిరి. ఆపరేషనులో అపాయము లేదని మేము అనము. మంచమున ఉంచుటలో అంతకంటె హెచ్చు అపాయము కలదని అందుము.

రాయలసీమలోని పుత్తూరు కట్టు మన జిల్లాలవఱకు పేరు వినబడినది. పెద్దలు నమ్మిన విద్యను ఎగతాళి చేయుట మా ఉద్దేశము కాదు. ఐనను తుంటియెముక లోతున, దళసరి కండల నడుమ ఉండును. పైనుండి ఏ కట్టును దానిని కదలకుండ పట్టలేదు. మఱియు ఎవరు కట్టిన ఏ కట్టైనను సరే, వ్రేళ్లు చల్లబడి, నీలమై, తిమ్మిరెక్కి, నొప్పి హెచ్చినచో క్షణము ఆలసింపక విప్పించుడు. లేనిచో ఆ అవయవమే చెడును.

ఆసుపత్రిలో ఇంటివారి పని

ఆపరేషను పిమ్మట కొందఱు వృద్ధులు రాత్రివేళ అసంబద్ధముగా మాటలాడుదురు, గొట్టములు పెఱుకుకొందురు. ఇది పిచ్చి కాదు. తరచు కొలది దినములలో తగ్గునట్టి మతిభ్రమ. కళ్లజోడు, చెవియంత్రము తీసిపెట్టక ధరింపజేయుడు. తెలిసిన ముఖము ఒకటి ఎప్పుడును దగ్గఱ ఉండవలయును. వేళకు నీళ్లు త్రాగించుడు, పగలు వెలుతురున ఉంచుడు, రాత్రి నిద్రపోనీయుడు. అకస్మాత్తుగా మతి తప్పినచో వైద్యునికి చెప్పుడు. లోపల చీము గాని, మూత్రము బిగియుట గాని కారణమై యుండవచ్చును. ఇంటికి వచ్చిన పిమ్మట గ్రుడ్డు, పప్పు, పాలు తగ్గింపరాదు. పత్యమను పేర ఒట్టి చారన్నము పెట్టినచో కండ ఎట్లు పట్టును? ఎముక గుల్లదనమునకు మందు అడుగుడు. ఒకమారు విఱిగినవారికి మఱియొకమారు విఱుగు భయము అధికము.

ఖర్చు సంగతి

ఖర్చునకు వెఱచి ఆలస్యము చేయుటయే మన ఊళ్లలో పెద్ద జబ్బు. 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకము కలదు. కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరున ఆయుష్మాన్ భారత్ పథకమును 70 ఏండ్లు నిండినవారికందఱికిని, రాబడితో నిమిత్తము లేక, ఏటికి 5 లక్షల రూపాయలవఱకు విస్తరించెను. కార్డు లేనివారు దెబ్బ తగిలిన పిమ్మట పరుగెత్తక ఇప్పుడే చేయించుకొనవలయును. రోడ్డుపై గాయపడిన వానిని ఆసుపత్రికి చేర్చినచో పోలీసు చిక్కులు వచ్చునని కొందఱు తొలగిపోవుదురు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము అట్లు సాయపడినవారికి రక్షణ కల్పించినది. భయపడనక్కఱలేదు.

సంఘము చేయగల పని

విత్తనమును, ఎరువును కూడి తెచ్చుకొనుచున్న మనము ఈ పనియు కూడి చేయవచ్చును. సంఘపు గిడ్డంగిలో ఒక మోతమంచము, రెండు దుప్పట్లు, ఉతికిన బట్టల పెట్టె ఒకటి ఉంచవలయునని మా మనవి. ప్రతి సభ్యుడును తన ఇంటి పెద్దలు వాడు మాత్రల పేర్లు కాగితముపై వ్రాయించి దేవుని గూటిలోనో బీరువా తలుపునకో అంటింపవలయును. దొడ్డిదారిన ఒక దీపము, స్నానము చేయుచోట పట్టుకొనుటకు ఒక కఱ్ఱ, కల్లములో పరదాత్రాళ్లకు తెల్లని గుడ్డపీలికలు, కంటిశుక్లము ఉన్నచో దానికి ఆపరేషను – ఇవి చేసినచో పడుటయే తగ్గును. దీనికగు ఖర్చు ఒక మూట ఎరువు ధరకు మించదు; శుక్లపు ఆపరేషను ప్రభుత్వ వైద్యశాలలో ఉచితముగనే చేయుదురు.

ఆ దినము ప్రత్తిచేనిలో మేము అడుగవలసినవి మూడు ప్రశ్నలు: తలకు తగిలినదా? ఏ మాత్రలు వాడుచున్నారు? ఇంటిలో కనిపెట్టువారు ఎవరు? ఇప్పుడు మేము ఎవరు పడినను ఈ మూడును అడుగుచున్నాము. మీరును అడుగుడు. "ఏమియు కాలేదు" అని పెద్దలు అన్నప్పుడు మఱియొకమారు అడుగుడు.